చిన్నోడు తుడిచిన మేక

మొయినాబాద్

అత్తమ్మకు నమస్కారాలు. చేవెళ్లలో వదిన, పాప బాగున్నారనుకుంటాను. దవాఖాన నుంచి వచ్చాక మన చిన్నోడు ఒళ్లు చేశాడు. అంతా తల్లి దయ.

వాడు బతకాలని మీరు మొక్కినట్టే, ఆదివారం మైసమ్మకు మేకను తీసుకుపోయాం. ఆయనకు ఐటీ కంపెనీ క్యాబ్ డ్యూటీ పడితే, పిల్లలతో నేనే వెళ్లాను. గుడి దగ్గర పూజ చేసే కుర్మయ్య తాత మేక మీద నీళ్లు చల్లాడు. అది ఒళ్లు దులిపితేనే అమ్మ ఒప్పుకున్నట్టు కదా! ఎన్నిసార్లు చల్లినా దులపలేదు.

"తల్లికి ఇయ్యాల మనసు లేదు బిడ్డా, మల్ల వారం రాండ్రి" అని తాత పంపేశాడు.

ఇంటికొచ్చాక పెద్దోడు బయటపెట్టాడు. "అమ్మా, తాత చెంబు నింపుకోనీకి పోయినప్పుడల్లా తమ్ముడు మేకను అంగితోని తుడిసిండు."

"మైసమ్మకు కోపమొస్తదిరా!" అన్నాను.

"నన్ను బతికిచ్చిన అమ్మ, దీన్ని బతకనియ్యదా?" అన్నాడు చిన్నోడు.

అమ్మ కోపగించలేదనే నా నమ్మకం. వచ్చే ఆదివారం బోనం నిండుగా వండి ఎత్తుతాను. మేక సంగతి మాత్రం మొక్కిన మీరే చెప్పాలి. వాడి ప్రశ్నకు జవాబుంటే వచ్చి వాడికే చెప్పండి. లేకుంటే మేకను మన దొడ్లోనే ఉండనిమ్మని ఒక్క మాట కబురు చేయండి.

మీ కోడలు