బి-7 దగ్గర ఆగే సూది

ఏప్రిల్ 6, 1970. ఉదయం 8
ఇరేనా బార్‌లో, నాణెం వేసి బటన్ నొక్కితే పాడే జూక్‌బాక్స్‌లో రికార్డులు మార్చాను. ఊళ్లో పద్నాలుగు బార్లలో నా డ్యూటీ ఇదే. బి-7 బటన్‌కి పాడే రికార్డు అరిగి తెల్లబడింది, పైగా పెద్ద గీత. కొత్తది పెట్టి, పాతది గోడౌన్‌లో పడేశాను. జుట్టు పెంచుకున్న కుర్రాళ్ల పాట, గిటార్ల రొద. నాకు పాతకాలం పోల్కా డాన్సు పాటలు చాలు.

ఏప్రిల్ 7. ఉదయం 7.40
ఇరేనా ఫోన్ చేసి ఒక్కసారి వచ్చి వినమంది. ఎప్పట్లా తిట్టలేదు. అందుకే భయమేసింది.

వెళ్లేసరికి బార్‌లో రాత్రి షిఫ్టు దిగిన స్టీలు మిల్లు వాళ్లు ముప్పైమంది ఉన్నారు. పాటలో 'వంతెన దాటితే మా ఇల్లే' అనే చోటు రాబోతుండగా అందరూ నోళ్లు తెరిచారు. రికార్డు వాళ్లకోసం ఆగకుండా ఆ ముక్క పాడేసుకుని వెళ్లిపోయింది. మెషిన్ మీదికి ఎత్తిన ఇరేనా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఫర్నెస్ దగ్గర పనిచేసే గస్ నన్ను పక్కకి లాగాడు. ఎంత పని చేశావయ్యా వాల్టర్, ఆ గీత మిలాన్ పెట్టిందయ్యా, అన్నాడు. మిలాన్ ఇరేనా కొడుకు. అక్టోబరులో వియత్నాం యుద్ధానికి వెళ్లే ముందురోజు ఈ పాటకి డాన్స్ చేస్తూ మెషిన్‌ని తుంటితో గుద్దాడట. అప్పట్నుంచి సూది ఆ ముక్క ముందు ఆగిపోయి టిక్ టిక్ మంటుంది. ఆ ముక్క వీళ్లంతా పాడతారు. అప్పుడు ఇరేనా అరచేత్తో ఒక్కటి కొడితే పాట ముందుకెళ్తుంది. వాడొచ్చేదాకా వాడి వంతు మనమే పాడాలి అంటుందట.

మిల్లు నుంచి రోజూ వంతెన దాటి ఇంటికెళ్లే వాళ్లం, ఆ జుట్టు కుర్రాళ్లు మన ఊరు చూడకుండానే మన పాట కట్టారయ్యా, అన్నాడు గస్. నేను ఇన్నాళ్లూ అది ప్రేమపాట అనుకున్నాను.

గోడౌన్‌కి చెత్తలారీ ఎల్లుండి గురువారం వస్తుంది.

ఏప్రిల్ 8
పాత రికార్డు దొరకలేదు.

ఏప్రిల్ 9. ఉదయం 6
తొమ్మిదో పెట్టెలో దొరికింది. లారీ గేటు దగ్గరికి వచ్చేసింది అప్పటికే.

ఏప్రిల్ 10. ఉదయం 7.30
పాతది పెట్టాను. సూది ఆగింది. పొడుగుజుట్టు కనిపిస్తే మొహం చిట్లించే మనుషులు, మసి కూడా కడుక్కోకుండా, కళ్లు మూసుకుని ఒక్క గొంతుతో పాడారు. చర్చిలో కూడా నాకెప్పుడూ ఇలా ఒళ్లు జలదరించలేదు. నేను పాడలేదు. నా గొంతు బాగోదు.

ఇరేనా గుడ్లు వేయించి పెట్టి, మళ్లీ బి-7 ముట్టుకున్నావో చేతులు విరగ్గొడతానంది.

ఏప్రిల్ 14
నిన్న సైన్యం యూనిఫాంలో ఇద్దరు ఇరేనా గుమ్మం ఎక్కారు. మిలాన్ ఇక రాడు.

ఏప్రిల్ 15. ఉదయం 7.30
ఇరేనా బార్ తెరిచింది. బి-7 తనే నొక్కింది. సూది ఆగింది. అందరూ పాడారు. ఆమె చెయ్యి ఎత్తలేదు. మళ్లీ పాడారు. మళ్లీ. మెషిన్ బాధ్యత నాది, తట్టాల్సింది నేనే. తట్టలేదు. పాడాను.