మేస్త్రిని పంపేశారు, అత్తయ్య గారూ

అత్తయ్య గారికి,

వందనాలండి.

మీరు వెళ్ళిపోయి ఐదున్నర నెలలైంది. ఇన్నాళ్ళూ మీకు ఉత్తరం రాయాలనిపించలేదు... అనిపించినా ధైర్యం చాల్లేదు. మొన్న మంగళవారం జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు వార్త చెప్పేస్తాను. మేస్త్రిని పంపేశారు.

మన బేస్‌బాల్ టీం క్యాచర్‌ని అసలు పేరుతో పిలిచే తెలుగువాళ్ళు ఇక్కడ ఎవరూ లేరిప్పుడు. మీరు పెట్టిన పేరే చర్చిలో అందరికీ అలవాటైపోయింది. "బంతి విసిరేవాడు పనివాడు బాబూ. ఎలాంటి బంతి విసరాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేవాడు ఆ వెనకాల గొంతుక్కూర్చున్నాడే, వాడు మేస్త్రి" అన్నారు మీరు, వచ్చిన మొదటి వేసవిలోనే.

నేను అమెరికాలో ఈ డబ్లిన్‌కి వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. బేస్‌బాల్ అంటే ఆఫీసులో వాళ్ళు మాట్లాడుకునేది, నేను తలూపేది... అంతే. నర్సాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్ టీచర్‌గా చేసి, నాలుగు గ్లవుజులతో తొమ్మిదిమందికి సాఫ్ట్‌బాల్ నేర్పిన మనిషి మా ఇంటికొచ్చి, రిమోట్ నొక్కుతూ నొక్కుతూ ఆ ఛానల్ దగ్గర ఆగి, "అరె, ఇది మన ఆటే కదా" అంటారని కలగన్నానా?

అప్పటిదాకా మన మధ్య "భోంచేశారా బాబూ", "చేశానండి" తప్ప మాటల్లేవు. ఆ తర్వాత నాలుగు వేసవులు సోఫాలో పక్కపక్కన కూర్చుని అంపైర్‌ని తిట్టుకున్నాం. మా అమ్మతో కూడా నేను అన్ని మాటలు మాట్లాడలేదు.

ఐదో వేసవి మీరు లేకుండా వచ్చింది.

టీం ఈ ఏడాది మరీ ఘోరం. రీబిల్డ్ అంటున్నారు ఇంకా. పాతవాళ్ళని ఒక్కొక్కర్నీ వేరే టీంలకిచ్చి, బదులుగా కుర్రాళ్ళని తెచ్చుకుని, వాళ్ళు ఎదిగేదాకా ఓడిపోతూ కూర్చోవడం. "పడగొట్టడం ఎవరికైనా వచ్చు, కట్టేవాళ్ళేరీ?" అని మీరు ప్రతి జూలైలోనూ అనేవారు. జూలై చివర ఆ గడువు రోజు వస్తుంది కదా... మధ్యాహ్నం మూడు దాటితే ఇంక ఆ ఏడాదికి మార్పిడులు లేవు. పోయినేడు ఆ రోజు మీరు ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, మూడు దాటాక "హమ్మయ్య, మేస్త్రి ఉన్నాడు" అని లేచి కాఫీ పెట్టారు.

ఈసారి ఆ భయం కరుణకి పట్టుకుంది.

అవునండి, మీ కూతురికే. మనం ఆట చూస్తుంటే "ఇదేం పిచ్చమ్మా" అని లోపలికి వెళ్ళిపోయేది కదా? ఏప్రిల్‌లో ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి చూస్తే, సోఫాలో మీ వైపు కూర్చుని ఆట చూస్తోంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఒక్క ఆటా వదల్లేదు.

మీ కూతురు మీ సమాధి దగ్గర ఏడవలేదు. ఇంటికొచ్చాకా ఏడవలేదు. మీ చీరలు మడతపెట్టి పెట్టెలో సర్దినప్పుడూ ఏడవలేదు. హన్నా "అమ్మమ్మ రూమ్ స్మెల్ పోతుంది మమ్మీ, డోర్ క్లోజ్ చెయ్" అంటే, వెళ్ళి తలుపు మూసి వచ్చి అన్నం కలిపి పెట్టింది. నాకు ఏడుపు కంటే అదే భయం వేసింది.

జూలై వచ్చేసరికి పొద్దున్న లేస్తూనే ఫోన్ చూడటం మొదలుపెట్టింది. మేస్త్రి గురించి ఏమైనా రాశారా అని. సగం తిని ప్లేటు పక్కన పెట్టేది. రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న... "ఉంచుతారంటావా?" నాకేం తెలుసు? ఉంచుతారనే అనేవాణ్ణి. ఆఫీసులో కూర్చుని ఎవరెవరు అడుగుతున్నారో, ఏ టీంకి క్యాచర్ కావాలో అన్నీ చదివేవాణ్ణి. చదివింది ఇంట్లో చెప్పేవాణ్ణి కాదు. ఆయన వెళ్ళిపోతే ఈ మనిషి ఏమైపోతుంది? ఇదే నా లెక్క. మీరుంటే ఎవర్ని అడగాలో తెలిసేది.

గడువుకి ముందు ఆదివారం చర్చి అయ్యాక మామూలుగానే హాల్లో భోజనాలు. మామూలుగానే వాదన. డేవిడ్ అన్న మీకు తెలుసుగా, అందర్నీ అమ్మేయమనే మనిషి. విజయ్ ఏమో మీ శిష్యుడు, మేస్త్రి మీద ఈగ వాలనివ్వడు.

"ఆయన పోతే ఈ పోరగాళ్ళకు ఎవరు నేర్పిస్తరన్నా?" అంటాడు విజయ్. "నేర్పడానికి కోచ్‌లు లేరేంటయ్యా?" అంటాడు డేవిడ్ అన్న. పులిహోర చల్లారిపోతోంది, ఇద్దరికీ పట్టట్లేదు. నవ్వుకుంటూనే వింటున్నాను నేను కూడా. అప్పుడు డేవిడ్ అన్న చెయ్యి ఊపుతూ అన్నాడు... "ముప్పై ఏడొచ్చాయి. మోకాళ్ళు పోయాయి. ఇంకాస్త ఓపిక ఉన్నప్పుడే పంపేయాలి. ఆగితే తర్వాత పంపుదామన్నా పంపలేం."

కరుణ మాకు పెరుగన్నం గిన్నె తెచ్చి బల్ల మీద పెడుతోంది. తలెత్తి చూసింది. డేవిడ్ అన్నని కాదు అత్తయ్య గారూ. నన్ను.

గిన్నె పెట్టేసి, హన్నా చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయింది. ఫ్రీవే మీద నేను మన ఇంటి దారి దాటేసి ముందుకెళ్ళిపోయాను.

ఎందుకో మీకు చెప్పాలి. చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన సెప్టెంబర్‌లో, డాక్టరు స్కాన్ చూసి మందులతో పెద్దగా ఒరిగేదేమీ లేదని చెప్పిన వారంలో... ఒక సాయంత్రం మీరు ఆట చూస్తున్నారు. నేను వంటగదిలో కరుణతో అన్నాను. "అత్తయ్య గారిని వైజాగ్‌లో మీ అన్నయ్య దగ్గరికి పంపేద్దాం. ఓపిక ఉన్నప్పుడే. తర్వాత పంపుదామన్నా పంపలేం." అక్కడైతే మన భాష, మన చర్చి, చూడ్డానికి పదిమంది వస్తారు, ఆవిడ మంచికే అన్నాను. అవన్నీ నిజమే. కానీ నేను అన్నది అందుకు కాదు. నాకు భయమేసింది. మా ఇంట్లో, ఆ గదిలో, తొమ్మిదేళ్ళ పిల్ల చూస్తుండగా... నా వల్ల కాదనిపించింది.

కరుణ గిన్నెలు తోముతూనే ఉంది. నేను హాల్లోకి వచ్చాను. టీవీలో ప్రకటనలు వస్తున్నాయి.

ప్రకటనలు రాగానే మ్యూట్ నొక్కడం మీ అలవాటు.

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మీరు నా వైపు తిరిగి, "రండి బాబూ, మేస్త్రి బ్యాటింగ్‌కి వస్తున్నాడు" అన్నారు. అంతే. నేను వచ్చి కూర్చున్నాను.

విన్నారా? వినలేదా? ఆ రోజు నుంచీ ఇదే. అక్టోబర్‌లో మీ కాళ్ళకి తైలం రాస్తున్నప్పుడు అడగబోయాను. డిసెంబర్‌లో మీరు మంచం దిగలేనప్పుడు అడగబోయాను. ఫిబ్రవరిలో ఇంక అడిగినా మీరు పలికే స్థితిలో లేరు. వైజాగ్ మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? అదీ నాకు తెలియదు.

మంగళవారం ఇద్దరం ఇంటి నుంచే పని చేస్తున్నాం. హన్నా సమ్మర్ క్యాంప్‌లో ఉంది. ఒంటిగంటకే కరుణ లాప్‌టాప్ మూసేసి హాల్లో కూర్చుంది. నాకు మీటింగ్. ఎవరేం మాట్లాడుతున్నారో నా చెవికెక్కట్లేదు. రెండు దాటింది, ఏమీ లేదు. రెండున్నర, ఏమీ లేదు. పావుతక్కువ మూడుకి నాలో చిన్న ఆశ మొదలైంది. ఇంక పదిహేను నిమిషాలు... ప్రభువా, ఈ ఒక్కసారికి ఆయన్ని ఉండనివ్వు అనుకున్నాను. ఆట కోసం నేను ప్రార్థన చేశానంటే మీరు నవ్వుతారు.

మూడుకి నాలుగు నిమిషాలుందనగా విజయ్ ఫోన్. "పంపిన్రన్నా" అన్నాడు. తూర్పు తీరంలో గెలిచే టీం ఒకటి తీసుకుందట. బదులుగా ఇద్దరు పంతొమ్మిదేళ్ళ పిల్లలు. వాళ్ళ పేర్లు విజయ్‌కి కూడా తెలియవు.

మీటింగ్ మధ్యలో లేచి వెళ్ళాను. కరుణ అప్పటికే టీవీలో చూసేసింది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. కూలిపోతుందనుకున్నాను. తను మాత్రం చాలా మామూలు గొంతుతో అడిగింది. "ఆయన్ని అడిగారా?"

అన్నేళ్ళు ఒకే టీంకి ఆడినవాణ్ణి, ఆయన ఒప్పుకోకుండా పంపకూడదని ఒక నియమం ఉందట. విజయ్ చెప్పింది చెప్పాను. అడిగారు, ఆయనే వెళ్తానన్నాడు, కుర్ర క్యాచర్‌కి చోటు కావాలి కదా అన్నాడట అని.

కరుణ టీవీ కట్టేసి, "అమ్మ కూడా వెళ్తానంది" అంది.

"ఎప్పుడు?" అన్నాను.

"నువ్వు వంటగదిలో ఆ మాటన్న మర్నాడు పొద్దున్నే అడిగింది. టికెట్ బుక్ చెయ్యవే, వైజాగ్ వెళ్ళిపోతాను, అల్లుడు గారు భయపడుతున్నారు, పిల్ల ముందు ఇదంతా ఎందుకు అంది. నువ్వెళ్తే నీ వెనకే నేనూ వస్తానని చెప్పాను. అప్పుడు ఊరుకుంది. ఒక్కటే ఒట్టు వేయించుకుంది. నేను విన్నట్టు అల్లుడు గారికి తెలియనివ్వకు, తెలిస్తే నా పక్కన కూర్చోవడం మానేస్తారు అంది."

ఆ మాట చెప్పి ఏడ్చింది అత్తయ్య గారూ. ఐదున్నర నెలల ఏడుపు. పక్కకి వెళ్ళి పట్టుకోబోతే చెయ్యి విదిలించి కొట్టింది, రెండుసార్లు, భుజం మీద. "నువ్వొచ్చి చెప్తావని చూశాను. పొరపాటుగా అన్నానని ఒక్కసారి చెప్తావని... అమ్మ ఉన్నప్పుడు చూశాను, పోయాక చూశాను." తను మీకిచ్చిన ఒట్టు తప్పింది. కోపగించుకోకండి. మొయ్యలేక తప్పింది.

అయితే మీరు విన్నారు. విని "రండి బాబూ" అన్నారు. ఆ తర్వాత అన్ని నెలలు నేను మీ పక్కన కూర్చున్నాను, మీరు నాకు ఆట చెప్తూనే ఉన్నారు. ఎలా చెప్పగలిగారండీ? ఒక్కసారైనా ముఖం తిప్పుకోవాలని అనిపించలేదా?

నన్ను క్షమించమని రాయడానికి చెయ్యి రావట్లేదు. మీరు అప్పుడే క్షమించేశారని కరుణ అంటుంది. తను మాత్రం ఇంకా క్షమించలేదట. అదీ సూటిగానే చెప్పింది. నిన్న అన్నం మాత్రం ఇద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. ప్లేటు ఖాళీ చేసింది. ఇంతకంటే ఏం జరుగుతుందో తెలియదు. ఇప్పటికీ గుండె దడగానే ఉంది. కాకపోతే ఇప్పుడు ఎందుకు దడో ఇద్దరికీ తెలుసు.

డేవిడ్ అన్నకి ఇవేమీ తెలియవు. మేస్త్రి వెళ్ళాడని తెలిసి బుధవారం ఫోన్ చేసి, "నేనే పంపేయమన్నానయ్యా, ఇప్పుడు చూస్తే ఇల్లు బోసిపోయినట్టుంది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కొత్త క్యాచర్‌కి ఇరవై రెండేళ్ళు. నిన్న మొదటి ఆట. రెండు బంతులు వదిలేశాడు, మనవాళ్ళు ఓడిపోయారు. పాపం, ప్రతిసారీ కోచ్‌లు కూర్చునే డగౌట్ వైపు తిరిగి చూస్తున్నాడు, ఎవరైనా ఏమైనా చెప్తారేమోనని. వీడు నిలబడతాడా? ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లలిద్దరూ ఎప్పటికైనా ఇక్కడిదాకా వస్తారా? మీకే తెలియాలి.

ఒక్కటి మాటిస్తున్నాను. ఇకమీదట ఈ ఇంట్లో నాకు భయమేస్తే భయమేస్తోందనే చెప్తాను. నీ మంచికే అని చెప్పను. రేపు హన్నా పెద్దదై దూరం వెళ్తానన్నా, మా ఇద్దరిలో ఒకరు ముందు మంచాన పడ్డా... ముందు ఆ మాటే చెప్తాను.

సెలవు.

మీ అల్లుడు,
ప్రసాద్