తలుపు అవతల

తెనాలి, 12-2-78, ఆదివారం

ఉప్పెనలో వదిన పోయాక రేపల్లె నుంచి మా ఇంటికొచ్చిన అన్నయ్య మూడు నెలలుగా గడప దాటలేదు. మనసు మళ్ళుతుందని ఇవాళ మ్యాట్నీకి తీసుకెళ్ళాను. అంతరిక్షంలో వెళ్ళే ఓడ గురించిన ఇంగ్లీషు సినిమా. మాటలు తక్కువ. బయట ఏదో ఉంటుంది, తలుపు కొడుతుంది, అంతే. అదేమిటో ఎంతసేపటికీ చూపించలేదు.

"దెయ్యాన్ని చూపించకుండా ఎలా భయపెడతాడండీ?" అని వెనక సీటాయన నవ్వాడు. నేనూ నవ్వాను. అంతలో అన్నయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటర్వెల్‌కే బయటికొచ్చేశాం. సోడా కొనిస్తే తాగకుండా సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"ఉప్పెన రోజు పక్కింటి మామ్మని తీసుకొస్తానని మీ వదిన బయటికెళ్ళింది కదరా. కాసేపటికి తలుపు చప్పుడైంది. గాలనుకున్నాను. గడియ తియ్యలేదు."

ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

"గాలే అయ్యుంటుందిలే అన్నయ్యా."

"నువ్వు చూశావేంట్రా?" అన్నాడు.

ఏమీ చూపించని సినిమా ఎవరినీ భయపెట్టలేదని పొద్దునైతే వాదించేవాణ్ణి. ఇప్పుడు పక్క గదిలో ఆయన మేలుకునే ఉన్నాడు. వెళ్ళి ఆ తలుపు తట్టలేక ఇది రాస్తూ కూర్చున్నాను...