రజిత చిన్నమ్మ

సిద్దిపేట మండలం, మార్చి 1999

అక్కా,

మూడో బిడ్డ పుడితే నా సర్పంచి పదవి పోతుందన్న కొత్త చట్టానికి భయపడి, నేను కన్న రజితను నీ బిడ్డేనని అందరికీ చెప్పి మూడేళ్లయింది. నన్ను చిన్నమ్మ అని పిలవమని దానికి నేర్పింది నేనే.

నిన్న నువ్వు దాన్ని తీసుకొచ్చినప్పుడు, పంచాయతీ ఆఫీసు ముందు వార్డు మెంబర్ సాంబయ్య "గీ పోరి అచ్చం నీ లెక్కనే ఉన్నది సర్పంచమ్మా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అది "గీమె మా చిన్నమ్మ" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వచ్చే ఏడు పదవి అయిపోతుంది, అప్పుడు బిడ్డను పంపమని అడగడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ బెజ్జంకి బస్సెక్కేటప్పుడు అది నీ కొంగు పట్టుకుని, "మా ఇంటికి రా చిన్నమ్మా" అని పిలిచింది.

ఎప్పుడు రావాలో రాయి.

రజిత చిన్నమ్మ