లాకర్ మీద టేపు ముక్క

చాండ్లర్,
మంగళవారం.

లక్ష్మక్కకి,

తమ్ముడు శీను నమస్కారాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ నడుం నొప్పి ఎలా ఉంది? నాకు ఒంట్లో బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు. ఫోన్లో అయితే "బాగున్నానక్కా" అని పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

నన్ను మళ్లీ తీసేశారు. ఏడేళ్లలో ఇది ఆరో టీమ్. "ఆ అమెరికా ఫుట్‌బాల్లో బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి పడగొట్టడమేగా నీ పని, దానికి ఇన్ని ఊళ్లెందుకురా?" అని అడిగావు గదా. ఎవడికో కాలు విరిగితే నన్ను పిలుస్తారు, వాడి కాలు అతకగానే నన్ను పొమ్మంటారు. పెద్ద లీగ్ గుమ్మం రెండుసార్లు తొక్కాను, మిగతావన్నీ ఊరూ పేరూ లేని చిన్న లీగులే. పన్నెండేళ్లప్పుడు బాబాయి వెంట ఈ దేశం వచ్చిన నాకు తెలిసిన విద్య ఒక్కటే, కాకినాడ ఇసుకలో నువ్వు నేర్పిన కబడ్డీ పట్టు. దాన్నే ఇన్నాళ్లూ అమ్ముకు తిన్నాను.

ఈసారి నిలబడతాననుకున్నాను. మిషిగన్ టీమ్ నన్ను వదిలేసిన వారానికే ఇక్కడి కోచ్ ఫోన్ చేసి, "నీలాంటోడి కోసమే చూస్తున్నాం" అన్నాడు. ఇక్కడ ఎండ మన రోహిణి కార్తెకి తాతలా ఉంది. టీమ్ వాళ్లు పెట్టే చప్పిడి కోడికి నువ్వు పంపిన కందిపొడే దిక్కు. అయినా సంతోషంగానే దిగాను. అందరి లాకర్ల మీదా పేర్లు ఇత్తడి ప్లేట్ల మీద ఉన్నాయి. నా పేరు తెల్ల టేపు ముక్క మీద మార్కర్‌తో రాశారు. ప్లేటు చేయిస్తున్నారు కాబోలు అనుకున్నాను. వెర్రి వెధవని!

మొదటిరోజు నన్ను గ్రౌండ్‌లోకి పంపలేదు, బోర్డు ముందు కూర్చోబెట్టారు. ఆ ఆదివారం మ్యాచ్ నా పాత మిషిగన్ టీమ్‌తోనే. వాళ్ల సైగలన్నీ అడిగారు, చెప్పాను. ఏడేళ్లలో ఒక కోచ్ నా మాట వింటూ రాసుకోవడం అదే మొదలు, పొంగిపోయాను. చివర్లో, "డ్వేన్ ఎలా ఆడతాడు?" అన్నాడు. "ఎడమ మోకాలు బాగాలేదు, అటువైపు తిరగలేడు" అనేశాను.

డ్వేన్ ఎవరో నీకు తెలుసు. మిషిగన్ టీమ్‌లో ఉన్నప్పుడు, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఎనిమిది నెలలు నన్ను తన ఇంట్లో పెట్టుకున్నవాడు. నా కోసం వాళ్లమ్మ అన్నం వండటం నేర్చుకుంది. ఆ మోకాలి సంగతి బయటికొస్తే తీసేస్తారని వాడు ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున్నే దానికి కట్టు కట్టింది నేనే.

మ్యాచ్‌లో నన్ను బెంచీ మీదే ఉంచారు. మావాళ్లు ప్రతిసారీ డ్వేన్ ఎడమవైపు నుంచే పరిగెత్తారు. నాలుగోసారి పడ్డవాడు లేవలేదు. నేను పరిగెత్తుకెళ్లేసరికి స్ట్రెచర్ మీద ఉన్నాడు. నావైపు చూసి, "లాకర్ మీద నీ పేరు ప్లేటా, టేపా?" అన్నాడు.

"టేపు" అన్నాను.

"అయితే సామాన్లు సర్దుకో" అన్నాడు, అంతే.

మ్యాచ్‌కి ముందు అవతలి టీమ్ మనిషిని తెచ్చి, కడుపులోదంతా కక్కించి, అయ్యాక పంపేయడం ఇక్కడ మామూలేనట. ఏడేళ్లుగా ఈ బురదలోనే ఉన్నాను, నాకు తెలీదంటే నువ్వు నమ్ముతావా? ఏమో, తెలిసీ నన్ను ఆట కోసమే పిలిచారనుకున్నానేమో. నిన్న వెళ్లేసరికి టేపు పీకేశారు.

నీ స్కూల్ కబడ్డీ పిల్లలకి చూపించాలి, టీమ్ బట్టల్లో నా ఫొటో పంపమన్నావు. పంపను. కట్టు కట్టిన కాలి జోలికి వెళ్లొద్దని చిన్నప్పుడు నాకు చెప్పేదానివి కదా, అది వాళ్లకీ చెప్పు. నాకూ నేర్పానని మాత్రం చెప్పకు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నేను అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, దిగులు పడకు. నన్ను దీవించు. ఇంకో టీమ్ రావాలని కాదక్కా. మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నాను, డ్వేన్ ఒక్కసారి ఎత్తాలని.

నీ తమ్ముడు,
శీను