బిడ్డ పూజకు చెప్పిన మాట

జూన్ 14, శుక్రవారం
ఇందుమూలముగా ఈ ఇంటి సమస్త ప్రజలకు తెలియజేయడమైనది: నేటి నుండి పేస్టు ట్యూబును అడుగు నుండే పిసకవలెను. టీవీ రిమోటు నా దిండు కిందే నిద్రించవలెను. రాత్రి తొమ్మిది దాటితే బిడ్డ ఫోను బియ్యం డబ్బా మీద విశ్రమించవలెను. — కుర్చీ ఎక్కి చదివాను. మా ఆవిడ నవ్వలేదు. తొమ్మిదో తరగతి చదివే మా స్రవంతి చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుంది.

జూన్ 15, శనివారం
తాండూరు బళ్ళో తల్లిదండ్రుల మీటింగు. "ఫోను గుంజుకుంటే పిల్లలు దాచుడు నేర్చుకుంటరు. రోజూ జరసేపు మాట్లాడుండ్రి. తప్పు చేసినా తిట్టరని నమ్మకం కలగాలె" అంది టీచరమ్మ. నేను లేచి, "మా ఇంట్ల నన్నే ఎవరు మాట్లాడనియ్యరు మేడం, ముందు నాకు నేర్పుండ్రి" అన్నాను. హాలంతా నవ్వు. స్రవంతి నేల చూపులు.

జూన్ 18, మంగళవారం
మాట్లాడడం నావల్ల కాదు. ఆటపట్టించడమైతే వచ్చు. ఫోన్లో దొంగ అకౌంటు తెరిచాను — పేరు పూజ, ఊరు వికారాబాద్, పదో తరగతి, ఫోటో బదులు గులాబీ. ముక్కూ మొహం తెలియనిదాన్ని బిడ్డ నమ్ముతుందా చూద్దామని. చాయ్ చల్లారకముందే నమ్మింది. రాళ్ల పాలిష్ మిషన్ల దగ్గర చెప్పి అందరినీ నవ్వించాను. నాతో పనిచేసే యాదగిరి ఒక్కడే నవ్వలేదు. "సొంత బిడ్డకు వల ఏస్తవా అన్నా. జర సోంచాయించు." వాడికి హాస్యం తెలియదు.

జూన్ 23, ఆదివారం
నాతో "ఊఁ", "లే" తప్ప మాట లేదు. పూజకు మాత్రం పొద్దస్తమానం రాస్తూనే ఉంది. పోయినేడు లెక్కల్లో తప్పి ఏడ్చిందట. ఆ ఏడుపును నేను మిషన్ల దగ్గర నటించి చూపించానట.
నిజమే. బాగా పండింది కూడా.

జూన్ 27, గురువారం
పూజకు మెసేజు. ఆన్‌లైన్ ఆటలో పరిచయమైన వాడెవడో... ఇంటర్ చదువుతున్నానన్నాడట. బిడ్డ ఫోటోలో మొహం కోసి ఏదో పాడు బొమ్మకు అతికించాడు. తన మాట వినకపోతే బడి గ్రూపులో పెడతాడట.
పూజ రాసింది: "మీ డాడీకి చెప్పు."
జవాబు: "ఆయనకా అక్కా? తెల్లారేసరికి మిషన్ల కాడ అందరు నవ్వుతరు."

జూన్ 28, శుక్రవారం
చెప్పింది. నాకే. మా ఆవిడ జొన్నరొట్టెలు కాలుస్తుంటే పక్కన వచ్చి కూర్చుని, "డాడీ, తిట్టకు" అని మొదలుపెట్టి అంతా చెప్పింది. నేను నవ్వలేదు. తల నిమిరాను. "నీ తప్పేం లేదు బిడ్డా" అన్నాను.

జూన్ 29, శనివారం
రైలెక్కి వికారాబాద్, జిల్లా పోలీసాఫీసుకు. పోలీసు మేడం కుర్చీ చూపించింది. "వానికి జవాబియ్యొద్దు. పైసలడిగితే ఇయ్యొద్దు. ఒక్క మెసేజు గూడ తీసెయ్యొద్దు, అవే సాక్ష్యం. బిడ్డను కొట్టినవా?"
"లేదు మేడం."
"ముందుగాల ఎవరికి చెప్పింది?"
"నాకే మేడం."
"నీ నసీబ్ మంచిది. శానమంది పిల్లలు ఇంట్ల చెప్పరు. రేపు బిడ్డను, ఫోన్‌ను తీస్కొని రా."
వచ్చేటప్పుడు రైల్లో సీటున్నా కూర్చోలేదు.

జూన్ 30, ఆదివారం
రైలుకు ఇంకా గంట. బిడ్డ అవతలి గదిలో జడ వేసుకుంటోంది. పూజ ఫోను నా జేబులో అదిరింది. "అక్కా, డాడీ నన్ను మీ వికారాబాద్ తీస్కపోతుండు. ఎందుకో చెప్తలేడు. స్టేషన్ కాడికి వస్తవా? నువ్వు పక్కన ఉంటే నేను ఎవరికన్న చెప్తా."
పూజ ఇంకా జవాబు రాయలేదు. ఏం రాస్తుంది...
శుక్రవారం నాడు ఇక్కడ రాసింది నా అల్లిక. దాన్నే పోలీసు మేడంకూ అప్పజెప్పి వచ్చాను. బిడ్డ నా పక్కన కూర్చోలేదు. నాకేమీ చెప్పలేదు. మా ఆవిడ రొట్టెలు కాల్చిన మాట ఒక్కటే నిజం.