పక్క సీటు ఖాళీగానే ఉంది

ప్రియమైన సొరంగం దొరగారికి,

మీరు సొరంగం తవ్వే ఆ కొండల్లో ఫోను పనిచేయకపోవడం నాకు ఒకందుకు మంచిదే అయింది. కారు అనే మాట ఎత్తగానే మీరు అడ్డు తగిలేవారు. ఉత్తరానికి అడ్డు తగలలేరు కదా.

మన వీధి మీదుగా వెళ్లే బస్సు తీసేశారు. అత్తయ్యను పొద్దున్నే ఫిజియోథెరపీలో దింపి, పళ్ల సెట్లు చేసే మా ల్యాబుకి నేను వేళకి చేరాలి. వీల్‌చైర్ చూడగానే టాక్సీవాళ్లు మొహం తిప్పుకుని పోతున్నారు. అందుకే పాతకార్ల డీలరు దగ్గర మన స్తోమతకు తగ్గ చిన్న కారు ఒకటి చూశాను. కొన్నాళ్లు నడిపి చూసుకుని, నచ్చకపోతే తిరిగి ఇచ్చేయమని అతనే తాళాలు నా చేతిలో పెట్టాడు.

మీరు అడగబోయేవి ముందే చెబుతాను. క్లచ్ చాలా తేలిక. మన సందు మలుపు ఒక్క తిప్పుకే తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్లకు కింద తగలడం లేదు. ఏసీ వేసి ఫ్లైఓవర్ ఎక్కితే మాత్రం ఆయాసపడుతుంది. డిక్కీలో వీల్‌చైర్ పడుతుంది, దాంతో పాటు కూరగాయల సంచి పడదు. అన్నిటికంటే నాకు నచ్చింది వెనక సీటు. వీల్‌చైర్‌కి సమానమైన ఎత్తులో ఉంది. అత్తయ్యను ఇలా జరిపి, పడిపోయిన చేతి కింద దిండు పెడితే హాయిగా కూర్చుంటున్నారు. కారు ఎలా ఉందో ఆవిడ్ని అడిగి లాభం లేదు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ నోట మాట లేదని మీకు తెలిసిందే.

లోపం ఒక్కటే కనబడింది. నా పక్క సీటులో ఎవరూ లేకపోయినా బెల్టు పెట్టుకోమని టింగు టింగుమంటుంది. సంచి, గొడుగు, ఏమీ లేవక్కడ. విసుగెత్తి ఖాళీ సీటుకే బెల్టు పెట్టాను. వెంటనే ఆగిపోయింది. మీరేమంటారు?

జవాబు కోసం హారన్ కొడుతూ,
మీ డ్రైవరమ్మ

*

ప్రియమైన డ్రైవరమ్మకు,

కింద రోడ్డు మీద మట్టి జారి సరుకుల లారీ ఆలస్యంగా వచ్చింది. నీ ఉత్తరం విప్పగానే మావాళ్లు ప్రేమలేఖ అనుకుని చుట్టూ మూగారు. క్లచ్, డిక్కీ అని రెండు ముక్కలు చదివి వినిపించేసరికి ఎవరి పనికి వాళ్లు పోయారు.

ఆ సీటు కింద సెన్సర్ ఒకటి ఉంటుంది. దానికి చెమ్మ తగిలి ఉంటుంది, మెకానిక్‌కి చూపించు. చలిగా ఉన్న పొద్దుట ఒక్క తాళానికే స్టార్టవుతోందా? ఇంజన్ ఆయిల్ మూత కింద తెల్లటి జిగురేమైనా ఉందా? టైర్లు ఒకవైపే అరిగాయా? ఇవి చూడకుండా డీలరు మాటలకు పడిపోకు.

అమ్మ కారులో బెదురుతోందా? ఆవిడకు వేగం పడదు. నోటితో చెప్పకపోయినా కళ్లు చూస్తే నీకు తెలుస్తుంది.

దుమ్ములో మునిగి,
నీ సొరంగం దొర

*

ప్రియమైన మీకు,

సరదా పేర్లు ఈసారి కలంలోకి రావడం లేదు, ఏమీ అనుకోకండి.

మెకానిక్ సీటు ఊడదీసి చూశాడు. చెమ్మ లేదు, వైర్లు బాగున్నాయి. పనిముట్ల పెట్టె సీటు మీద పెడితే మోగింది, తీస్తే ఆగింది. అతనొక్కడే ఊరంతా తిప్పుకొచ్చాడు, ఒక్కసారి కూడా మోగలేదు. నేనొక్కదాన్నే నడిపినా మోగదు. అత్తయ్య వెనక కూర్చుంటేనే మోగుతుంది.

మొన్న థెరపీకి బయలుదేరాం. ఖాళీ సీటుకు బెల్టు పెట్టడం మరిచిపోయాను. మోత మొదలైంది. అప్పుడు వెనక నుంచి వినిపించింది, "పెట్టుకోండి, పాపం ఆ అమ్మాయి కంగారు పడుతోంది."

అత్తయ్య గొంతు. అచ్చంగా అదే గొంతు. కారు పక్కకు తీసి వెనక్కి తిరిగాను. ఆవిడ నన్ను చూడటం లేదు. పక్క సీటు వైపు చూస్తున్నారు.

అప్పటి నుంచి కారు కదిలితే చాలు, మాట్లాడుతున్నారు. నాతో కాదు. ఒక మాట అంటారు, ఆగుతారు, వింటారు, మళ్లీ అంటారు. ఎవరో ఫోనులో మాట్లాడుతుంటే పక్కన కూర్చున్నట్టుంటుంది నాకు. నిన్న "లేదండీ, ఇప్పటికీ లైటు వేసుకునే పడుకుంటాడు" అన్నారు. కాసేపు విని, "అదే మరి, పోయి పోయి సొరంగంలో పని" అని నవ్వారు. అది మీ గురించే కదా.

ఇంట్లోకి వస్తే పెదవి విప్పరు. డాక్టరు ముందూ అంతే. ఇంజన్ ఆపి కారులోనే కూర్చోబెట్టి చూశాను, ఊహూ. నాకు భయం వేస్తోంది. అయినా ఆ గొంతు ఇంకాసేపు వినాలని దగ్గరి దారి వదిలి చుట్టుదారిలో వెళ్తున్నాను. మైలేజీ లెక్క అడగకండి.

ఏం చేయాలో తోచక,
మీ నేను

*

ప్రియమైన నీకు,

కారు తిరిగి ఇచ్చేయమని రాసి చింపేశాను. మళ్లీ రాయబోతే మళ్లీ అదే మాట వచ్చింది. తిరిగి ఇచ్చెయ్. సెలవు దొరకగానే వచ్చి ఇంకో కారు నేనే చూస్తాను.

ఇక్కడి డాక్టరును అడిగాను. కారు కుదుపుకు మెదడు మేలుకుని ఉండవచ్చన్నాడు. ఆ సీటు సంగతి మాత్రం అతనికి చెప్పలేకపోయాను. లైటు వేసుకునే పడుకుంటున్న మాట నిజమే. నీకు రాయలేదు, అమ్మ ఊహించింది కాబోలు.

ఆవిడ గొంతు వినాలని నాకు మాత్రం ఉండదా? కానీ ఎవరితో మాట్లాడుతోందో తెలియకుండా ఆ కారులో మీ ఇద్దరినీ తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. ఇచ్చేముందు అది ఎవరి కారో కనుక్కో. ఆ సీటులో ఎవరైనా పోయారేమో అడుగు.

జాగ్రత్త,
నీవాడు

*

ప్రియమైన మీకు,

డీలరు కాసేపు నసిగి పాత యజమానురాలి అడ్రసు ఇచ్చాడు. అత్తయ్యను ఒంటరిగా వదల్లేక వెంటబెట్టుకునే వెళ్లాను. దారి పొడవునా ఆవిడ ఏదో వంట గురించి చెబుతూనే ఉన్నారు.

ఇరుకు వీధిలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. గేటు మీద వెలిసిపోయిన డ్రైవింగ్ స్కూలు బోర్డు. తలుపు తీసినామె నా ఈడుదే. కారును చూడగానే బయటకు వచ్చి బానెట్ నిమిరింది. వాళ్లమ్మదట. ఆవిడ ఎప్పుడు పోయారని మెల్లిగా అడిగాను.

"పోవడమేమిటండీ? అమ్మ లోపలే ఉంది."

నేను కారు వైపు తిరిగి చూశాను. ఆమే చెప్పింది. వాళ్లమ్మ జీవితమంతా ఈ చుట్టుపక్కల ఆడవాళ్లకు పక్క సీటులో కూర్చుని డ్రైవింగ్ నేర్పిందట. మెట్ల మీద పడి తలకు దెబ్బ తగిలాక మంచం దిగలేదు, ఎవరినీ గుర్తుపట్టలేదు. అందుకే కారు అమ్మేశారు. ఈమధ్య మాత్రం పొద్దునపూట ఏవో మాటలు మొదలుపెట్టిందట.

"మొదట సంబరపడ్డాం. తర్వాత భయమేసిందండీ. ఎవరో ఎదురుగా కూర్చున్నట్టు ఆగి ఆగి మాట్లాడుతుంది. మొన్న, 'మీవాడికి ఇంకా చీకటంటే భయమేనా' అంది. మా ఇంట్లో మగపిల్లలే లేరు."

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. మన కారులో విన్నది తనకు చెప్పాను. ఇద్దరం కలిసి అత్తయ్యను లోపలికి తీసుకెళ్లి మంచం పక్కన ఉంచాం. అక్కడ పడుకున్నావిడ సన్నగా, తెల్లగా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. అత్తయ్య ఆవిడను చూశారు, చూపు తిప్పుకున్నారు. ముక్కూ మొహం తెలియనివాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టినట్టుంది. ఎంతసేపు చూసినా ఇద్దరి నోటా మాట లేదు. మేమే ఏదో పొరపాటు పడ్డామనుకున్నాను.

ఇంతలో నా కారు దారికి అడ్డంగా ఉందని బయట ఎవరో కేకేశారు. వెళ్లి స్టార్ట్ చేశాను. గేరు ఇంకా వేయలేదు. పక్క సీటు టింగు టింగుమంది. అత్తయ్య కారులో లేరు, అయినా మోగింది. ఖాళీ సీటుకు బెల్టు పెట్టాను. ఆ మోత ఆగిన నిశ్శబ్దంలో, తెరిచి ఉన్న ఆ ఇంటి కిటికీలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. దాని వెనకే నేనెప్పుడూ వినని గొంతు ఒకటి, బొంగురుగా, తీరిగ్గా.

"మీ కోడలు బాగానే నడుపుతుందండీ. బ్రేకు మీద నుంచి కాలు తీయదు, అంతే."

కిందికి చూసుకున్నాను. ఆగి ఉన్న కారులో నా కాలు బ్రేకును గట్టిగా నొక్కిపట్టి ఉంది. కిటికీలో ఆ కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. లోపల వాళ్లిద్దరూ నవ్వుకుంటున్నారు. కారు కాస్త పక్కకు తీసి ఆ మనిషికి దారి ఇచ్చాను కానీ ఇంజన్ ఆపలేదు.

మీ మాట కాదన్నానని కోప్పడకండి. కారు ఉంచుకుంటానని డీలరుకు చెప్పేశాను. ల్యాబులో వేళలు మార్పించుకుని, రోజూ థెరపీ అయ్యాక అత్తయ్యను ఆ ఇంటికి తీసుకెళ్తున్నాను, కిటికీ కింద కారు ఆన్‌లో పెట్టి కూర్చుంటున్నాను. సెలవుకు వచ్చినప్పుడు మీరు వెనక, అత్తయ్య పక్కన కూర్చోండి. మీ అమ్మ గొంతు తనివితీరా వింటారు. ముందు వైపు మాత్రం చూడకండి. నేనూ పక్కకి చూడటం మానేశాను.

మీ రాక కోసం,
మీ డ్రైవరమ్మ